తెలిసి కన్న కలలు

బోడిగుట్టపల్లి,
10-2-1983

అక్క తిరుపాలమ్మకు తమ్ముడు గంగాధరం నమస్కరించి రాసేది.

నేను బాగానే ఉన్నాను. కదిరమ్మ కాన్పుకని గోరంట్లకు, పుట్టింటికి వెళ్లి నెల దాటింది. బడి వెనక గదిలో ఒక్కడినే వండుకుని తింటున్నాను కాబట్టి ఆరోగ్యం గురించి ఇంతకంటే రాయను.

నీకొక సంగతి చెప్పాలి. నవ్వుకుంటే నవ్వుకో, బావకు మాత్రం చదివి వినిపించకు. కొన్నాళ్లుగా నాకు కలలో ఉండగానే ఇది కల అని తెలిసిపోతోంది. మొదటిసారి ఎట్లా తెలిసిందంటే, కలలో పాఠం చెబుతూ నల్లబల్ల మీద 'పాడిపంటలు' అని రాశాను. పిల్లల వైపు తిరిగి మళ్లీ బల్ల చూస్తే 'పాడు మంటలు' అని ఉంది. ఇంకోసారి చూస్తే నీ పేరుంది, అదీ తప్పులతో. మెలకువలో రాత అట్లా మారదు కదా. అయితే నేను నిద్రపోతున్నానన్నమాట అనుకున్నాను. అనుకున్నా మెలకువ రాలేదు. కల అట్లాగే సాగుతోంది, నేను అందులో పూర్తి తెలివితో తిరుగుతున్నాను.

ఇప్పుడు రాత్రికి ఒకటి కాదు, రెండు మూడు వస్తున్నాయి. మొన్న ఆదివారం మొదటి కలలో వానను రమ్మన్నాను, వచ్చింది. కుందుర్పి దాకా చెరువులన్నీ నిండాయి. లేచి నీళ్లు తాగి పడుకుంటే రెండోది. అందులో మా సర్పంచి వెంకటరాముణ్ని బడికి పిలిపించి, బెంచీ ఎక్కించి ఎక్కాలు అప్పజెప్పించుకున్నాను. పన్నెండో ఎక్కం దగ్గర తడబడ్డాడు. తెల్లవారుజామున మూడోది. మీ ఇంట్లో కూర్చుని ఓళిగలు తింటున్నాను. నువ్వు ఒక్క మాట కూడా అనకుండా నెయ్యి పోస్తున్నావు. నల్లబల్ల అవసరం లేకుండానే అది కల అని తెలిసిపోయింది.

ఇదంతా టీ హోటల్లో నోరు జారాను. ఊరంతా పాకింది. ఇంతకు ముందు ఈ ఊళ్లో నన్ను ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఇప్పుడు దారిలో ఆపి, రాత్రి ఏమేమి కన్నావని అడుగుతున్నారు. అబద్ధమెందుకు, బాగానే ఉంది.

నీ తమ్ముడు
గంగాధరం


ధర్మవరం,
22-2-1983

చిరంజీవి గంగాధరానికి అక్క దీవించి రాసేది.

అందరం క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. షావుకారు పట్టు ఇవ్వక రెండు నెలలుగా మగ్గం ఊరికే ఉంది. మీ బావ అలవాటు తప్పకూడదని రోజూ పొద్దున్నే మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటున్నాడు.

నీ జాబు ఆయనకు చదివి వినిపించాను. వద్దని రాశావు కాబట్టి రెండుసార్లు చదివాను. ఆ తరువాత, "సర్కారోళ్లు జీతమిచ్చి నిద్ర పోనిస్తాండారా మీ తమ్మున్ని?" అని అడిగాడు. ఏం చెప్పమంటావు?

నేను అయిదో తరగతితో ఆగిపోతే నాయన నిన్ను ట్రైనింగు దాకా చదివించాడు. నిద్రలో సర్పంచిని బెంచీ ఎక్కించడానికేనా? పగలు ఆయన ఎదురైతే ఏం చేస్తావో నాకు తెలియదా? సైకిలు దిగి, ఆయన సందు మలుపు తిరిగేదాకా నిలబడతావు. ఇక ఆ వాన సంగతి. కుందుర్పి దాకా ఆగిందన్నావు. కలలో కూడా నీకు ధర్మవరం గుర్తు రాలేదు. ఖర్చు లేని వానే కదా, ఇంకో నాలుగు ఆమడలు కురిపించి ఉంటే నీ సొమ్మేం పోయేది?

నాకూ కలలు వస్తాయేమో, తెలియదు. పక్క మగ్గాల వాళ్లకు పట్టు కండెలు చుట్టి పడుకుంటే కళ్లు మూసినట్టు గుర్తుంటుంది, ఆ వెంటనే కోడి కూస్తుంది. మధ్యలో ఏమున్నా అది దేవుడి లెక్క.

కదిరమ్మకు ఏ పిల్ల పుట్టినా ముందు నాకు రాయి. రాత్రికి మూడు కలలు కనేవాడివి, ఒక్కటైనా పదిమందికి పనికొచ్చేది కను.

అక్క
తిరుపాలమ్మ


బోడిగుట్టపల్లి,
18-3-1983

అక్కకు నమస్కారాలు.

కదిరమ్మకు ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. పిల్ల ముక్కు నీ ముక్కేనట, పాపం.

ఇక్కడ మనుషులకు తాగే నీళ్లు లేవు. ఊరి బావి అడుగు కనిపిస్తోంది. హరిజనవాడ ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి వంక ఇసుకలో చెలిమలు తోడుకుంటున్నారు. సమితి వాళ్లు మా ఊరికి ఒక బోరు ఇచ్చారు. భూమిలో నీళ్లు చూసే ఆఫీసరు వచ్చి రెండు చోట్ల సున్నం గుర్తు పెట్టి పోయాడు. ఒకటి హరిజనవాడ మొదట్లో. రెండోది సర్పంచి చీనీ బత్తాయి తోట గట్టు మీద. రెండు చోట్లా నీళ్లు పడవచ్చు, బోరు మాత్రం ఒకటే, ఎక్కడ వేయాలో ఊరంతా కూర్చుని తేల్చుకోండి అన్నాడు.

ఊరు తేల్చుకోలేక నా దగ్గరికి వచ్చింది. నిజంగానే వచ్చిందక్కా. సర్పంచి స్వయంగా బడికి వచ్చి పిల్లల బెంచీ మీద కూర్చున్నాడు. "ఏమప్పా అయివారూ, రాత్రికి మూడు కలలు పడతాయంట గదా నీకు. గంగమ్మ యాడుండాదో సూసి సెప్పు" అన్నాడు. చీనీ చెట్లు ఎండుతున్నాయని కూడా అన్నాడు. ఆ మాట ఊరికే అన్నట్టే అన్నాడు.

ఆ రాత్రి వరసగా రెండు కలలు. రెండింటిలోనూ నాకు తెలివి ఉంది. కలలో నీళ్లకు కరువేమిటి? కాలితో నేల తడితే చాలు, పైకి చిమ్ముతాయి. హరిజనవాడ దగ్గర తట్టాను, పడ్డాయి. చీనీ తోట గట్టు మీద తట్టాను, పడ్డాయి. అనుమానం వచ్చి బడి బల్ల మీద తట్టాను, అక్కడా పడ్డాయి. నేను పెడితే వచ్చే నీళ్లవి. అవి ఎవరికి ఏం చెబుతాయి? రెండో కలలో సర్పంచిని నిలబెట్టి, "నీ తోట కోసం నేను అబద్ధం చెప్పను పో" అన్నాను. తల వంచుకుని వెళ్లిపోయాడు.

మరునాడు సభ జరిగింది. బాగానే జరిగింది. పరీక్షల పని ఎక్కువగా ఉంది, ఇంతటితో ముగిస్తాను.

గంగాధరం


ధర్మవరం,
9-4-1983

గంగాధరానికి,

పిల్లకు నా ముక్కు వచ్చినందుకు సంతోషం. నీ వెన్నెముక రాకుంటే అంతే చాలు.

మూడు పేజీల జాబులో సభ గురించి ఒక ముక్క రాశావు. 'బాగానే జరిగింది' అని. కలలో సర్పంచితో అన్న మాట అక్షరం పొల్లు పోకుండా రాసినవాడివి, పగలు అన్న మాట ఎందుకు రాయలేదు? నేను చెప్పనా? కుందుర్పి బట్టల అంగడి కుళ్ళాయప్ప ఊరికే ఇటు వచ్చి మా గుమ్మంలో కూర్చుని అంతా చెప్పాడు. నువ్వు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "నేను కలలో చూసినాను. చీనీ తోట గట్టు కాడ గంగమ్మ పైకి చిమ్ముతాండాది" అన్నావట. ఊరంతా దండం పెట్టిందట. నాలుగో రోజుకు బోరు లారీ వచ్చిందట, నూట ఎనభై అడుగుల్లో నీళ్లు పడ్డాయట. నువ్వు మహానుభావుడివట.

ఇందులో అబద్ధం ఏముంది అంటావు, నాకు తెలుసు. కలలో అక్కడ నీళ్లు చూసిన మాట నిజమే కదా అంటావు. అయితే హరిజనవాడ దగ్గరా చూశానని ఎందుకు చెప్పలేదు? బడి బల్ల మీదా చూశానని ఎందుకు చెప్పలేదు? అక్కడా తవ్వి ఉందురు, పిల్లలకు సెలవైనా దొరికేది.

ఒరే, తెలియక కల కన్నవాణ్ని ఏమీ అనలేము. నువ్వు కలలో కూడా తెలివిగా ఉండేవాడివి. ఆ తెలివి అంతా నిద్రలోనే ఖర్చు పెట్టి, పొద్దున లేచేసరికి ఏమీ మిగుల్చుకోలేదు.

తిరుపాలమ్మ


బోడిగుట్టపల్లి,
20-4-1983

అక్కకు,

నువ్వు రాసినదంతా నిజం. నువ్వు రాయనిది ఒకటి నేను రాస్తాను.

సభ అయిన మరునాడు హరిజనవాడ ఓబులమ్మ బడి దగ్గరికి వచ్చింది. నెత్తి మీద బిందె దించలేదు. గడప అవతలే నిలబడి, "మా కాడ నీకు నీళ్లు కనపల్లేదా అయివారూ?" అని అడిగింది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేను పుస్తకం తెరిచి తల వంచుకున్నాను. ఆమె వంక వైపు నడిచింది. ఇప్పుడు బోరు మీద సర్పంచి మోటారు బిగించాడు. తోట గట్టు చుట్టూ కంచె వేశాడు. ఊరి వాళ్లకు పొద్దున ఒక గంట కంచె తీస్తారు. హరిజనవాడ వాళ్లు వస్తే మోటారు చెడిపోయిందంటారు.

ఇదంతా నేను చేసిందే. సరే. మరి నువ్వు? కుళ్ళాయప్ప ఊరికే ఇటు వచ్చాడని రాశావు. సర్పంచి కూతురి పెళ్లి చీరలు అయిదూ మీ మగ్గానికే ఇప్పిస్తానని సర్పంచే నాతో చెప్పాడు. "మీ యక్క మగ్గం ఊరికే ఉండాదంట గదా, మనోళ్లు మనం సూసుకోవల్ల" అన్నాడు. ఆ మాట సభకు ముందు రోజు సాయంత్రం అన్నాడు. కుళ్ళాయప్ప ఆ పట్టు మూటతోనే మీ గుమ్మంలో కూర్చున్నాడు, అవునా? నా వెన్నెముక గురించి రాసినప్పుడు నీ ఇంట్లో మగ్గం చప్పుడు అవుతూ ఉందా లేదా?

గంగాధరం


ధర్మవరం,
2-5-1983

గంగాధరానికి,

అవుతూ ఉంది.

నీ జాబు వచ్చిన రోజు మీ బావకు చదవలేదు. మగ్గం మీద ఉన్నాడు. మూడు నెలల తరువాత ఆ మనిషి నేసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తుంటే, ఈ పట్టు ఎట్లా వచ్చిందో చెప్పడానికి నాకు నోరు రాలేదు. కుళ్ళాయప్ప మూట విప్పినప్పుడే నాకు అర్థమైంది. అయినా తీసుకున్నాను. నిన్ను నాలుగు మాటలు అంటే నా వాటా తగ్గుతుందనుకున్నానేమో. తగ్గలేదు.

ఇది ఒకరి మీద ఒకరం వేసుకునే పని కాదు. నీకు మాత్రం ఒకటి చెబుతాను, ఈసారి ఎగతాళి కాదు. ఒకసారి నీళ్లు పడ్డాయి కాబట్టి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు నీ దగ్గరికి వస్తారు. నాకేమీ తెలియదని చెప్పి పంపు. నీళ్లు ఇక్కడని ఒక్కసారి చూపిస్తే నీ వేలు నీది కాకుండా పోతుంది.

తిరుపాలమ్మ


బోడిగుట్టపల్లి,
6-8-1983

అక్కకు,

మూడు నెలలు జాబు రాయలేదు. నువ్వు చెప్పినట్టు చేశానని రాయగలిగి ఉంటే రాసేవాణ్ని.

మే నెలలో ముగ్గురు వచ్చారు, పంపేశాను. జూన్‌లో ఇద్దరు, పంపేశాను. ఎర్రప్పను పంపలేకపోయాను. ఎర్రప్ప మా ఊరి గొర్రెల కాపరి. ఆయనా, భార్య హనుమక్కా, నలభై గొర్రెలు, గుట్ట కింద ఎండిన వేరుశనగ చేను, అంతే వాళ్ల సంసారం. మూడు రోజులు బడి అరుగు మీద కూర్చున్నాడు. ఏమీ అడగడు, పొద్దుగూకితే లేచి పోతాడు. అతను అట్లా కూర్చుంటే నేను గొప్పవాణ్ననిపించింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, అదే నిజం.

మూడో రాత్రి నాలుగు కలలు వచ్చాయి. నాలుగింటిలోనూ ఇది కల అని తెలుసు. ఒక దానిలో పెనుకొండ కొండ మీద ఎగిరాను. ఒక దానిలో కదిరమ్మ వచ్చింది. మిగతా రెండూ చెప్పుకోదగ్గవి కావు. ఎర్రప్ప చేను ఒక్క దానిలోనూ లేదు. అటు పోదామన్న ఆలోచన కూడా నాకు రాలేదు. పొద్దున అతనితో చేనికి వెళ్లాను. అతని చూపు తూర్పు గట్టు మీదికే పోతోంది. నేనూ అటే వేలు చూపించాను.

ఎర్రప్ప మంద మొత్తం అమ్మి ప్రైవేటు బోరు లారీ పిలిపించాడు. మూడు వందల అడుగుల దాకా ఎర్ర దుమ్ము, ఆ కింద తెల్ల దుమ్ము. లారీ వాళ్లు ఇనుప గొట్టాలు సర్దుకుని వెళ్లిపోయారు. హనుమక్క ఖాళీ దొడ్డి ఊడుస్తూ ఉంది. గొర్రెలు లేని దొడ్డిని ఎందుకు ఊడుస్తోందో ఎవరూ అడగలేదు. సర్పంచి మాత్రం, ఎర్రప్ప మైలపడి ఉంటాడు, అందుకే గంగమ్మ దిగిపోయింది, అయివారి తప్పేమీ లేదు అన్నాడు. ఊరు అవునంది. ఎర్రప్ప కూడా అవునన్నాడక్కా. ఏం మైలపడ్డానా అని తన్ను తాను వెతుక్కుంటున్నాడు.

నిన్న రాత్రి ఊరి ముందు నిలబడి ఒప్పుకున్నాను. కలలో. అందరూ విన్నారు, తలలూపారు. మెలకువ వచ్చింది, లేచి చొక్కా వేసుకుని ఊళ్లోకి పోయి మళ్లీ ఒప్పుకున్నాను. ఎర్రప్ప నన్ను కౌగిలించుకున్నాడు. అప్పుడు తెలిసింది, అదీ కలేనని. మూడోసారి తెలిసే చెప్పాను. చెబుతుండగానే గొర్రెలన్నీ బడి గేటులోంచి వరసగా వచ్చాయి. వాటిని రమ్మన్నది నేనే. తెల్లవారాక మంచం మీద కూర్చుని నీకు రాస్తున్నాను.

గంగాధరం


ధర్మవరం,
11-8-1983
(కార్డు)

గంగాధరానికి,

మూడుసార్లు ఒప్పుకున్నావు. మూడుసార్లూ క్షమించారు. క్షమించిన వాళ్లంతా నువ్వు పెట్టుకున్న వాళ్లే. ఇంత సుఖమైన ఒప్పుకోలు ఎవరికి దొరుకుతుంది? ఎర్రప్ప మాత్రం తన మైల కోసం ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాడు. నాలుగోసారి కాళ్లకు చెప్పులు వేసుకుని పోయి చెప్పు.

తిరుపాలమ్మ


బోడిగుట్టపల్లి,
4-9-1983

అక్కకు,

ఈ జాబు తెచ్చినవాడు ఎర్రప్ప. పక్కన ఉన్నది హనుమక్క. వాళ్లకు చదవడం రాదు. ఇందులో ఏముందో వాళ్లకు చెప్పే పంపుతున్నాను, కాబట్టి వాళ్ల ముందే చదువుకోవచ్చు.

ఆగస్టు పదిహేనున బడిలో జెండా ఎగరేశాం. ఊరంతా వచ్చింది. హరిజనవాడ వాళ్లు గేటు దగ్గర నిలబడ్డారు. సర్పంచి జెండా తాడు లాగి, మిఠాయి పంచి, బోరు చూపించిన అయివారికి సన్మానమని శాలువా తీశాడు. నీ కార్డు నా జేబులో ఉంది. శాలువా భుజం మీద పడకముందే నేను మాట్లాడడం మొదలుపెట్టాను. నా కలలో నీళ్లు నేనే పెట్టుకుంటానని, హరిజనవాడ దగ్గరా పడ్డాయని, ఆ మాట దాచానని, మా అక్క మగ్గానికి పని ఇప్పిస్తానంటే దాచానని చెప్పాను. ఎర్రప్ప చేను కలలోకి రానే లేదని, అతని కళ్లు ఎటు చూస్తే అటు వేలు చూపించానని చెప్పాను.

ఒక్కరూ తల ఊపలేదు. ఇద్దరు ముసలివాళ్లు మిఠాయి ఇంకా ఉందా అని అడిగారు. సర్పంచి నవ్వి, "పెద్దోళ్లకు ఇట్లే వినయం ఉంటాది" అని శాలువా కప్పేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా కలల్లో నేను చెప్పింది చెప్పినట్టు విననివాడు ఒక్కడూ ఉండడు. అందుకే ఇది మెలకువ అని గట్టిగా తెలిసింది. శాలువా తీసి బల్ల మీద పెట్టి మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. ఈసారి గుసగుసలు మొదలయ్యాయి. గంగమ్మ అయివారిని విడిచిపోయిందనీ, పిచ్చి పట్టిందనీ. నేను అబద్ధమాడానని మాత్రం ఎవరూ అనలేదు. అది ఎవరికీ అక్కరలేదు.

ఒక్క ఓబులమ్మకు అక్కర వచ్చింది. గేటు దగ్గరి నుంచే, "కల అబద్ధమైతే ఆ బోరు అందరిదీ. సర్కారుది" అంది. సర్పంచి ఆమె వైపు చూడలేదు. ఆమె ఇంటికి పోయి బిందె తెచ్చుకుంది. ఆమె వెనక ఇంకో పదిహేను బిందెలు. చీనీ తోట కంచె దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నారు. మరునాడూ కూర్చున్నారు. నేను జరిగినదంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి, కళ్యాణదుర్గం పోయి సమితి ఆఫీసులో ఇచ్చాను. పది రోజులకు వాళ్లు వచ్చి మోటారు తీయించి చేతి పంపు పెట్టించారు. కంచె పీకలేదు కానీ దారి వదిలారు. నన్ను రాయదుర్గం అవతలి ఊరికి బదిలీ చేశారు. ఏ తప్పుకో కాగితంలో రాయలేదు.

ఆ రోజు జెండా దగ్గరి నుంచి అందరూ పోయాక ఎర్రప్ప నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. "నేను మైలపడలే గదా?" అని అడిగాడు. పడలేదన్నాను. "నువ్వు కల కన్న్యావో కనలేదో నాకు తెల్దు అయివారూ. నా గొర్రెలు మాత్రం కల కాదు" అన్నాడు.

వాళ్లకు ఇక్కడ పని లేదు. హనుమక్కకు కండెలు చుట్టడం నేర్పు. ఎర్రప్పకు ఏదైనా చూడు. ఇది కూడా నా పాపం నీ గడప మీద దించడమేనని తెలుసు.

గంగాధరం


ధర్మవరం,
2-10-1983

చిరంజీవి గంగాధరానికి అక్క దీవించి రాసేది.

నీ కొత్త ఊరి చిరునామా కదిరమ్మ పంపింది. అక్కడైనా బల్ల మీద రాసింది రాసినట్టే ఉందని అనుకుంటాను.

జెండా రోజు తరువాత వారానికి కుళ్ళాయప్ప వచ్చి, పెళ్లి చీరలు వద్దన్నారని మిగిలిన పట్టు తీసుకుపోయాడు. మగ్గం మీద నాలుగో చీర సగం ఉండింది. దాన్నీ కోసి పట్టుకుపోయాడు. మీ బావ అప్పుడు అడిగాడు, ఏం జరిగిందని. మొదటి నుంచీ చెప్పాను. అంతా విని, "ముందే సెప్పి ఉంటే నేసే వాణ్ని కాదంటావా నువ్వు?" అన్నాడు. నేసి ఉండేవాడో లేదో మాకిద్దరికీ తెలియదు.

హనుమక్క చేతులు గట్టివి. రెండు వారాల్లో పోగు తెగకుండా కండె చుట్టడం వచ్చింది. నాలుగు మగ్గాల వాళ్లు పని ఇస్తున్నారు. ఎర్రప్పకు గుంతలో కూర్చోవడం చేతకాలేదు. కాళ్లు ఊరుకోవు. రంగుల వాళ్ల దగ్గర పట్టు ఆరేయడానికి పోతున్నాడు. ఎవరితోనూ మాట్లాడడు. నీ మీద కోపమా అని ఒకసారి అడిగాను. ఆలోచించి, లేదన్నాడు. ఆ ఆలోచించడం నీకు చెప్పాలని రాస్తున్నాను.

వాళ్లు మా వెనక వసారాలో పడుకుంటారు. వచ్చిన మొదటి వారం నడిరేయి నాకు మెలకువ వచ్చింది. వసారాలో ఎవరో నాలుకతో టక్కు టక్కుమని చప్పుడు చేస్తూ, "హేయ్, రా, రా" అని ఎవరినో పిలుస్తున్నారు. దీపం పట్టుకుని పోయాను. ఎర్రప్ప కళ్లు మూసుకునే ఉన్నాడు. చెయ్యి చాచి గాలిలో దేన్నో నిమురుతున్నాడు. మొహం చూస్తే పగలు మా ఇంట్లో తిరిగే మనిషి కాదు. లేపబోయాను. పక్కన హనుమక్క మేలుకునే ఉంది. నా చెయ్యి పట్టుకుంది.

"లేపొద్దమ్మా. రాత్రికి రెండు మూడు తూర్లు మేపుకొస్తాడు" అంది.

అది కల అని ఆయనకు తెలియదు గంగాధరా. నేను దీపం తగ్గించి, చప్పుడు కాకుండా లోపలికి వచ్చాను. పొద్దున లేచేసరికి ఆయన వసారా మూలల్లో మంద తోలే కర్ర కోసం వెతుక్కుంటున్నాడు.

అక్క
తిరుపాలమ్మ